చలికాలం మూసిపెట్టిన బోటులో బూజు: ఎలా తీయాలి, మళ్లీ పట్టకుండా ఏం చెయ్యాలి

మిషిగన్‌లో అక్టోబరు ముగిసేసరికి బోట్లు దాదాపు అన్నీ నీళ్లలోంచి బయటికొచ్చేస్తాయి. ట్రెయిలర్ మీదో స్టాండ్ల మీదో ఎక్కించి, తెల్లటి ష్రింక్ ర్యాప్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ పొర) బిగించి, మళ్లీ ఏప్రిల్‌లోనో మేలోనో విప్పుతాం. విప్పగానే ముక్కవాసన గుప్పుమందంటే లోపల బూజు పట్టినట్టే. సీటు కుట్ల వెంబడి సన్నటి నల్ల చుక్కలుంటాయి, సీటు ఎత్తితే కింది చెక్క మీద బూడిదరంగు నూగు కనిపిస్తుంది. కొత్తగా బోటు కొన్న మనవాళ్లు ఇది చూసి టెన్షన్ పడిపోయి, ఘాటైన బ్లీచ్ తెచ్చి సీట్ల మీద పోసేస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మరక పోతుంది, దాంతోపాటు సీట్ల మీది వినైల్ (తోలులా కనిపించే ప్లాస్టిక్) మెత్తదనం పోతుంది, కుట్టుదారం పుచ్చిపోయి కొన్నాళ్లకి సీట్లు కుట్ల దగ్గరే విడిపోతాయి. పైగా తడి ఎక్కడినుంచి వచ్చిందో చూడలేదు కాబట్టి వచ్చే ఏడాది బూజు మళ్లీ అక్కడే పడుతుంది.

గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే నిలబడితే చాలు, బూజుకి ఇంకేమీ అక్కర్లేదు, మిగతా తిండి అంతా బోటులోనే ఉంది: సీట్ల మీద చెమట, సన్‌స్క్రీన్ జిడ్డు, చెక్క, కార్పెట్, మూల్లో మర్చిపోయిన చిప్స్ ముక్కలు. గడ్డకట్టే చలిలో అది పెరగదు, అలాగని చావదు కూడా. అందుకే జనవరి గురించి నాకంత బెంగ ఉండదు. మూసిన కొత్తల్లో ఒకసారి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకోసారి అసలు ప్రమాదం. పగలు ఎండకి ర్యాప్ లోపల వేడెక్కి అడుగున మిగిలిన నీళ్లు ఆవిరవుతాయి, రాత్రి చల్లబడగానే ఆ ఆవిరే ర్యాప్ లోపలివైపు నీరై చుక్కచుక్కగా సీట్ల మీద పడుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, ఇదీ అంతే.

ఇప్పటికే పట్టేసి ఉంటే ముందు మంచి ఎండ, పొడిగాలి ఉన్న రోజు చూసుకోండి. వాన పడే రోజు, ముసురు రోజు వద్దు. ఎన్‌95 మాస్క్, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లని, పిల్లల్ని ఆ రోజు దగ్గరికి రానివ్వకండి. హాచ్‌లు (డెక్ మీది మూతలు), కిటికీలు, లాకర్లు అన్నీ తెరిచి ఓ గంట గాలి ఆడనిచ్చి అప్పుడు లోపలికి వెళ్లండి. కుషన్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఊడివచ్చే కార్పెట్ ముక్కలు అన్నీ బయటపడేసి ఎండలో పెట్టండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: పొడి బ్రష్ పట్టుకుని బరబరా రుద్దేస్తారు. అలా రుద్దితే బూజు పొడి లేచి బోటంతా పరుచుకుంటుంది. ముందు స్ప్రే చేసి తడపండి, తర్వాతే తుడవండి, అదీ పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. గుడ్డని మాటిమాటికీ మార్చండి.

గట్టి ఫైబర్‌గ్లాస్ మీద మామూలు తెల్ల వెనిగర్ నీళ్లు కలపకుండా స్ప్రే చేసి, గంటసేపు వదిలి తుడిస్తే సరిపోతుంది. వినైల్ సీట్లని ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్‌తో కడిగి, అప్పటికీ చుక్కలుంటే వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి కొట్టండి. కుట్ల సందుల్లోకి పాత టూత్‌బ్రష్ బాగా వెళ్తుంది. తెల్లటి మ్యాజిక్ స్పాంజ్ జోలికి మాత్రం పోకండి, అది నిజానికి సన్నటి ఉప్పుకాగితంలా గీరేస్తుంది, వినైల్ పైపూత పోయి తర్వాత మురికి ఇంకా తొందరగా పడుతుంది. లాకర్ల లోపలి చెక్కకి గ్యాలన్ వేడినీళ్లలో కప్పు బోరాక్స్ (వెలిగారం) కరిగించి తుడవండి, కడిగెయ్యకుండా అలాగే ఆరనివ్వండి, మిగిలే ఆ పలుచటి పొర బూజుని మళ్లీ రానివ్వదు. పిల్లలు, కుక్కలు ఎక్కే చోట మాత్రం ఇది వద్దు.

బ్లీచ్ వాడాల్సిందే అనుకుంటే గ్యాలన్ నీళ్లకి ఒక కప్పు మించకుండా, ఫైబర్‌గ్లాస్ మీద మాత్రమే, గాలి బాగా ఆడేటప్పుడు వాడి వెంటనే కడిగెయ్యండి. పాంటూన్ బోట్లలో (లోహపు గొట్టాల మీద తేలే చదునైన బోట్లు) అల్యూమినియం ఎక్కువ, దాన్ని బ్లీచ్ తినేస్తుంది. బ్లీచ్‌ని వెనిగర్‌తోగానీ అమోనియా ఉన్న క్లీనర్లతోగానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. క్యాబిన్ లాంటి ఇరుకు చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కొన్నిటితో పోరాడి లాభం లేదు. స్పాంజ్ లోపలికి బూజు దిగిపోయిన కుషన్ పిండితే నల్లనీళ్లు వస్తాయి, దాన్ని పారేసి కొత్త స్పాంజ్ వేయించుకోవడమే మేలు. తెల్ల వినైల్ మీద గులాబీరంగు మరకలు కూడా అంతే, అది పైన పట్టిన మురికి కాదు, కింద పెరిగిన సూక్ష్మజీవులు వదిలిన రంగు వినైల్‌లోకే ఇంకిపోయి ఉంటుంది, ఎంత రుద్దినా పోదు.

అంతా ఆరాక, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కోకపోతే ఇప్పటిదాకా పడ్డ కష్టం వృథా. దీనికి ఇద్దరు కావాలి. కిటికీ కింద, రెయిలింగ్ బోల్టుల కింద లోపలివైపు పొడి గోడ మీద టాల్కం పౌడర్ అద్దండి. ఒకరు లోపల టార్చ్ పట్టుకుని కూర్చుంటే ఇంకొకరు బయట గొట్టంతో నీళ్లు పట్టాలి, ప్రెషర్ వద్దు, ఊరికే కారేలా, కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా జారి ఏది కారుతోందో తేలదు. లోపల పౌడర్‌లో సన్నటి గీత పడిన చోటు పైనే బొక్క ఉన్నట్టు. ఆ బోల్టు విప్పి, పాత సీలెంట్ గీకేసి, బ్యుటైల్ టేప్ (రబ్బరులా సాగే జిగురు టేప్) వేసి బిగించండి. పైపైన సిలికాన్ పూస్తే ఒక సీజన్ కూడా ఆగదు.

ఇక అక్టోబరులో మూసేటప్పుడు. నన్నడిగితే బూజు పని తొంభై పాళ్లు ఇక్కడే అయిపోతుంది. డ్రెయిన్ ప్లగ్ తీసి, ముందుభాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి నీళ్లన్నీ పోనివ్వండి, మిగిలినవి స్పాంజ్‌తో చేత్తో అద్దేయండి. సబ్బుతో కడిగి, ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరాకే ర్యాప్. సముద్రంలో తిరిగే బోటు అయితే మంచినీళ్లతో ఇంకోసారి కడగాలి, ఉప్పు మిగిలితే అదే గాలిలో తేమని లాక్కుంటుంది. కుషన్లు, జాకెట్లు, టవల్స్, టిష్యూ రోల్స్, మ్యాపులు ఇంటికి తెచ్చేసుకోండి. కుషన్లకి ఇంట్లో చోటు లేకపోతే బోటులోనే నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. లాకర్ తలుపులు, ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచండి.

ఆ తర్వాత ఒక నిర్ణయం తీసుకోవాలి: గాలి ఆడించడమా, మూసి తేమ లాగడమా. రెండూ కలిపి చేస్తే దండగ. వెంట్లు (గాలి ఆడే కన్నాలు) తెరిచి ఉన్న బోటులో తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ గింజల డబ్బా పెడితే అది ఊరందరి తేమా లాగుతూ తొందరగా నిండిపోతుంది. కరెంటు లేని బయటి యార్డులో అయితే నా ఓటు గాలికే. ర్యాప్ వేసేవాళ్లకి ముందే చెప్పి ముందొకటి వెనకొకటి తక్కువ కాకుండా వెంట్లు పెట్టించండి, మధ్యలో జిప్ తలుపు కూడా అడగండి. షెడ్డులో కరెంటు ఉంటే, లోపల వెచ్చగా ఉంటే, మామూలు డీహ్యూమిడిఫయర్‌ని సింక్ పక్కన పెట్టి గొట్టం సింక్‌లోకి వదలొచ్చు. చల్లటి షెడ్డు అయితే డెసికెంట్ రకం (తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది) కొనండి, కంప్రెసర్ ఉన్నవి చలికి మంచు పట్టి ఆగిపోతాయి. గింజల డబ్బా వాడేవాళ్లు దాన్ని పెద్ద బకెట్‌లో నిలబెట్టండి, ఒలికితే ఆ ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. రూమ్ హీటర్ వేసి వదిలేసి వెళ్లడం మాత్రం వద్దు, ప్లాస్టిక్ చుట్టిన బోటులో నిప్పు పుడితే పక్కనున్న బోట్లు కూడా పోతాయి.

డిసెంబరులో ఇండియా వెళ్లేవాళ్లు తాళంచెవి ఇక్కడ ఉండే ఎవరికైనా ఇచ్చి వెళ్లండి. పెద్ద మంచు పడ్డాక వెంట్ల మీద పేరుకున్నది దులపమని, ర్యాప్ ఎక్కడైనా చిరిగితే టేప్ వెయ్యమని, జిప్ తలుపు తీసి అడుగున టార్చ్ వేసి చూసి ఒక ఫోటో పంపమని చెప్పండి.