అమ్మిన ధర కంటే ఎక్కువ డబ్బు పడిందా? వెనక్కి పంపే ముందు చూడాల్సినవి

పాత ఫ్రిజ్, సోఫా, బైక్ లాంటివి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు నా దగ్గరికి తెచ్చే గొడవ దాదాపు ఒకేలా ఉంటుంది. కొనేవాడు బేరం ఆడకుండా ఒప్పుకుంటాడు. కాసేపటికి ఫోన్ చేసి, "అన్నా, పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది కాస్త వెనక్కి వేయండి" అంటాడు. ప్రకటన పెట్టడం, యూపీఐ వాడటం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

అన్నిటికంటే ముందు మీ బ్యాంకు యాప్ తెరిచి స్టేట్‌మెంట్ చూడండి. అతను పంపిన స్క్రీన్‌షాట్‌నీ, ఫోన్‌కి వచ్చిన ఎస్ఎంఎస్‌నీ లెక్కలోకి తీసుకోవద్దు. ఎన్నిసార్లు చెప్పినా ఈ చిన్న పని వదిలేసి, డబ్బు పంపేశాక పరిగెత్తుకొస్తున్నారు. అవతలివాడు లైన్‌లోనే ఉండి తొందరపెడుతుంటే కాల్ కట్ చేసి మరీ చూడండి.

మెసేజ్ వచ్చింది, స్టేట్‌మెంట్‌లో మాత్రం లేదు

కారణం: డబ్బు రాలేదు. "మీ ఖాతాలో 80,000 జమ అయింది" అన్న మెసేజ్‌ని అతనే టైప్ చేసి పంపాడు. 8,000 వేయబోతే సున్నా ఎక్కువ పడిందన్న కథ దీనికి జతగా వస్తుంది. మెసేజ్ పంపిన నంబర్ చూడండి. బ్యాంకు మెసేజ్‌లు బ్యాంకు పేరును సూచించే అక్షరాలతో వస్తాయి, పది అంకెల మామూలు మొబైల్ నంబర్ నుంచి రావు.

పరిష్కారం: "నా స్టేట్‌మెంట్‌లో కనిపించాక మాట్లాడదాం" అని చెప్పి ఊరుకోండి. సర్వర్ డౌన్, సాయంత్రానికి కనిపిస్తుంది అంటే, సాయంత్రమే చూద్దామనండి. ఏడ్చినా, పోలీసు కేసు పెడతానని బెదిరించినా జవాబు అదే.

డబ్బు వేయడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నాడు

డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. యూపీఐ పిన్ అడిగేది డబ్బు పంపేటప్పుడు, బ్యాలెన్స్ చూసేటప్పుడు. ఆర్మీలో పని చేస్తున్నానని ఐడీ కార్డు ఫొటో పంపినా ఈ నియమం మారదు. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే ఎదుటివాళ్ల నుంచి డబ్బు కోరుతూ పంపే అభ్యర్థనలను, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది కానీ క్యూఆర్ దారి ఇంకా తెరిచే ఉంది. స్కాన్ చేయకండి, బ్లాక్ చేయండి.

డబ్బు నిజంగానే పడింది, ఎక్కువే పడింది

జాగ్రత్తపరులు కూడా దెబ్బతినేది ఇక్కడే. స్టేట్‌మెంట్ చూశారు, 8,000 ఫ్రిజ్‌కి 20,000 కనిపించింది. ఇక అనుమానం ఎందుకు, పరాయి సొమ్ము మనకెందుకు అని 12,000 వెనక్కి పంపేస్తారు. మంచి మనుషులే ఎక్కువగా ఇలా ఇరుక్కోవడం చూస్తే బాధేస్తుంది.

లోపల జరిగేది ఇది. దొంగ అదే సమయంలో వేరే ఊళ్లో ఇంకొకరిని మోసం చేస్తుంటాడు. ఆయన ఇంటి అద్దెకు అడ్వాన్స్ కడుతున్నాననుకుంటాడు. కట్టమని దొంగ ఇచ్చేది మీ యూపీఐ ఐడీ. ఆయన డబ్బు మీ ఖాతాలో పడుతుంది. మీరు "ఎక్కువ" డబ్బును దొంగ చెప్పిన నంబర్‌కి పంపుతారు. నాలుగు రోజులకు అవతలి ఆయన మోసం గ్రహించి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు మొదట చేరిన ఖాతా మీదే. పోలీసుల సూచనతో బ్యాంకు ఆ మొత్తాన్ని లీన్‌లో పెట్టడమో (అంటే ఖాతాలోనే ఉన్నా మీరు వాడుకోకుండా ఆపడం), ఖాతా మొత్తాన్ని ఫ్రీజ్ చేయడమో జరుగుతుంది. జీతం పడే ఖాతా అయితే ఈఎంఐ, స్కూలు ఫీజు అన్నీ ఆగిపోతాయి. వెనక్కి పంపిన 12,000 గురించి అడగడానికి దొంగ ఫోన్ ఎత్తడు.

పట్టుకునే గుర్తు చిన్నదే. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే పంపినవారి పేరు కనిపిస్తుంది. కొనేవాడు చెప్పిన పేరు ఒకటి, అక్కడున్నది ఇంకొకటి. అడిగితే "మా బావమరిది ఖాతా నుంచి వేశాను" అంటాడు. వెనక్కి వేయమన్నది మూడో పేరు మీద ఉన్న నంబర్‌కి, లేదంటే సామాను తీసుకెళ్లే ట్రాన్స్‌పోర్ట్ వాడికి. డబ్బు వచ్చిన చోటు, వెళ్లాల్సిన చోటు వేరైతే ఇంకేమీ ఆలోచించకండి, మోసమే.

పరిష్కారం: మీ చేత్తో ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఆ డబ్బు వాడుకోవద్దు, సామాను ఇవ్వద్దు. "మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి, వాళ్లు అడిగితే నా బ్యాంకు తిప్పి పంపుతుంది" అని కొనేవాడికి చాట్‌లో రాసి ఉంచండి. అదే రోజు మీ బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి: తేదీ, మొత్తం, లావాదేవీ రిఫరెన్స్ నంబర్, ఈ సొమ్ము నాది కాదు, ఎవరి ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపండి అని. నోటిమాటగా చెప్పి రావద్దు. తర్వాత మిమ్మల్ని కాపాడేది ఆ ఈమెయిలే. నిజంగా పొరపాటున వేసిన వ్యక్తి అయినా ఈ పద్ధతిలో అతనికి నష్టం లేదు, కాస్త ఆలస్యం అవుతుంది అంతే.

ఇప్పటికే పంపేశాను

సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు తర్వాతి ఖాతాల్లోకి జారిపోయేలోపు ఆపగలిగితేనే ఆశ ఉంటుంది, అందుకే గంటలు కూడా ముఖ్యమే. చాట్, కాల్ వివరాలు, మీ ప్రకటన, ఏదీ డిలీట్ చేయవద్దు.

ఖాతా ఫ్రీజ్ అయితే బ్రాంచిలో గొడవపడి లాభం లేదు. ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ ఎంత, ఏ పోలీస్ స్టేషన్ నుంచి వచ్చింది అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అక్కడి దర్యాప్తు అధికారికి ప్రకటన, చాట్, బ్యాంకుకు పెట్టిన ఈమెయిల్, స్టేట్‌మెంట్ పంపండి. ఖాతా మొత్తం ఆగి ఉంటే, వివాదంలో ఉన్న మొత్తం వరకే లీన్ ఉంచి మిగతాది విడుదల చేయమని అడగండి.

అరుదైనవి

ఎక్కువ మొత్తానికి చెక్కు ఇస్తే, క్లియర్ అయ్యేదాకా అది డబ్బు కాదు. అమెరికాలో చదువు ముగించి గదిలో సామాను అమ్ముకునే మన పిల్లలు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్కు) వేసిన మర్నాడే బ్యాలెన్స్‌లో కనిపించవచ్చు, దొంగదని వారాల తర్వాత తేలితే బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. విదేశీ కొనుగోలుదారు, కొరియర్ కస్టమ్స్ ఫీజు, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమనడం లాంటివి కనిపిస్తే అక్కడే ఆపేయండి.