పాతకాలపు జపాన్ కత్తిని ఎలా పరిశీలించాలి, ఎలా కొనాలి?

జపాన్ కత్తులు సేకరించాలన్న కోరిక కలిగినవారిలో చాలామంది మొట్టమొదట అడిగే ప్రశ్న ‘దీని మీద ఎవరి పేరు చెక్కి ఉంది?’ అన్నదే. ఆ ప్రశ్నను చివరిదాకా ఆపుకోవడం నేర్చుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. జపాన్‌లో కత్తుల పరిశీలన నేర్పే సమావేశాల్లో పిడిలోకి వెళ్లే భాగాన్ని కప్పేసి, అలుగును మాత్రమే చూపించి, అది ఏ కాలానిదో, ఏ సంప్రదాయానిదో, చేసిన కమ్మరి ఎవరో చెప్పమంటారు. పేరును ఉలితో ఎవరైనా చెక్కగలరు. ఉక్కును మడిచి కొట్టిన తీరును, నీళ్లలో ముంచినప్పుడు వాదర వెంట ఏర్పడిన రూపాన్ని అనుకరించడం అంత తేలిక కాదు. ఒకాయామా ప్రాంతంలోని సెతోఉచి నగరం విరాళాలు కూడగట్టి, 2020లో దాదాపు 50 కోట్ల యెన్లకు కొన్న ‘సాంచోమో’ అనే కత్తి జపాన్ జాతీయ సంపదల్లో ఒకటి. దాని మీద అసలు సంతకమే లేదు.

అందుకే ఈ వ్యాసంలో చెప్పే క్రమం ఆకారంతో మొదలై, ఉక్కు మీదుగా సాగి, సంతకం దగ్గరికి చివర్లో చేరుతుంది.

కొనడానికి ముందు కళ్లను సిద్ధం చేసుకోండి

మంచి కత్తి ఎలా ఉంటుందో తెలియకుండా చెడ్డ కత్తిని గుర్తుపట్టలేరు. కాబట్టి మొదట డబ్బు ఖర్చు పెట్టవలసింది కత్తి మీద కాదు, చూడటం మీద. టోక్యోలో ర్యోగోకు దగ్గర ఉన్న కత్తుల మ్యూజియం, ఉఎనోలోని జాతీయ మ్యూజియం, ఒకాయామా ప్రాంతంలోని ఒసాఫునే కత్తుల మ్యూజియం ఇందుకు తగిన చోట్లు. అమెరికాలో ఉన్న తెలుగువారికి బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ విభాగంలో కూడా సమురాయ్ కత్తులు ఉన్నాయి. అద్దాల వెనక నిలబెట్టిన కత్తిని ఒకే చోటినుంచి చూస్తే ఏమీ కనిపించదు. మోకాళ్లు వంచి, తల అటూ ఇటూ కదిలిస్తూ, దీపం వెలుగు వాదర పక్కగా జారే కోణం దొరికేదాకా ఓపిక పట్టాలి.

మీరు ఉన్న చోట చట్టం ఏమంటుందో కూడా ఈ దశలోనే తెలుసుకోవాలి. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనలు, ఇంటిపనికీ వ్యవసాయానికీ పరిశ్రమకూ కాని, 9 అంగుళాలకు మించిన అలుగు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. లైసెన్సు అవసరం ప్రాంతాన్నిబట్టి మారుతుంది కనుక స్థానిక పోలీసు అధికారులనూ, విదేశం నుంచి తెప్పించదలిస్తే కస్టమ్స్ అధికారులనూ ముందే అడిగి, జవాబును కాగితం మీద తీసుకోవడం మంచిది. నూరేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకుండా 1972 నాటి పురావస్తు చట్టం అడ్డుకుంటుంది కాబట్టి, ఇక్కడికి తెచ్చిన పాత కత్తిని రేపు సానపట్టించడానికి జపాన్‌కు పంపాలన్నా చిక్కే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 50 సెంటీమీటర్లు మించిన వంపు కత్తుల అమ్మకాన్ని 2008లో నిషేధించినా, 1954కు ముందు చేసినవాటికి, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి మినహాయింపు ఉంది.

చేతిలోకి తీసుకునే పద్ధతి

కత్తిని ఒరలోనుంచి తీసేటప్పుడు వాదర పైకి ఉండాలి. అలుగు వెన్ను మీద జారుతూ, ఆగకుండా, పక్కలకు వంగకుండా బయటికి రావాలి. లోహాన్ని వేలితో తాకకూడదు. చెమటలోని ఉప్పు కొద్ది రోజుల్లోనే మచ్చగా మారుతుంది. అలుగుకు దగ్గరగా మాట్లాడకూడదు, ఎందుకంటే ఉమ్మి తుంపర కూడా అదే పని చేస్తుంది. పిడిని విప్పడానికి అందులోని వెదురు మేకును, దాన్నే మెకుగి అంటారు, చిన్న సుత్తితో నెట్టి తీసి, ఎడమచేత్తో పిడిని ఏటవాలుగా నిలబెట్టి పట్టుకుని, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా తడితే అలుగు వదులవుతుంది. ఇతరుల కత్తిని విప్పే ముందు యజమానిని అడిగి తీరాలి. ఆ మేకు అసలే లేకపోయినా, విరిగి ఉన్నా కత్తిని ఒరలోనుంచి తీయవద్దు. అలుగు పిడిలోనుంచి జారి బయటపడుతుంది.

ఆకారం కాలాన్ని చెబుతుంది

చేయి చాచి కత్తిని నిలువుగా పట్టుకుని, మొన నుంచి తోకదాకా, అంటే పిడిలోకి వెళ్లే భాగం దాకా, గీతను చూడండి. పొడవును మొన నుంచి, తోక మొదలయ్యే చోట వెన్ను వైపున ఉండే గంటు వరకు సరళరేఖలో కొలుస్తారు. 60.6 సెంటీమీటర్లు దాటితే కతానా (నడుము పట్టీలో దోపుకునేది) లేదా తాచి (నడుముకు వేలాడదీసేది), 30.3 నుంచి 60.6 వరకు వాకిజాషి, అంతకు తక్కువైతే తాంతో.

పన్నెండో శతాబ్దం, పదమూడో శతాబ్దపు తొలి దశ నాటి తాచి సన్నగా, మొన చిన్నదిగా, వంపు పిడికి దగ్గర ఎక్కువగా ఉంటుంది. పద్నాలుగో శతాబ్దంలో కత్తులు వెడల్పుగా, పొడవుగా, పెద్ద మొనతో తయారయ్యాయి. 1661 నుంచి 1673 వరకు నడిచిన కన్‌బున్ కాలపు కత్తులకు వంపు చాలా తక్కువ, మొన వైపు సన్నబడతాయి. సేకరించేవారు 1596కు ముందటి వాటిని కోతో అని, 1780 ప్రాంతం వరకు వచ్చినవాటిని షింతో అని, ఆ తరువాత 1876లో బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించేదాకా వచ్చినవాటిని షిన్-షింతో అని పిలుస్తారు. ఈ చివరి కాలపు కమ్మరులు పాత ఆకారాలను కావాలనే అనుసరించారు కాబట్టి ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకో చిక్కు ఉంది. పద్నాలుగో శతాబ్దపు పొడవైన కత్తులను తరువాతి కాలంలో నడుముకు సరిపోయేలా తోక వైపు నుంచి కోసి కురచ చేశారు. అలా కోసినప్పుడు చాలాసార్లు సంతకం పోతుంది. తోకలో మేకు రంధ్రాలు రెండు మూడు ఉండటం, వాదర వెంట ఉండే గీత తోకలోకి కొనసాగడం దీనికి గుర్తులు. ఇలాంటి కత్తికి సంతకం లేకపోవడం లోపం కాదు. కానీ పదిహేడో శతాబ్దపు కత్తి కోత పడకుండానే సంతకం లేకుండా ఉంటే ధర బాగా తగ్గుతుంది.

ఉక్కు, హామోన్

ఇక్కడే ఎక్కువ సమయం గడపండి. గదిలో ట్యూబులైట్లు ఆర్పి, ఒక్క బల్బు మాత్రం వెలిగించండి. అలుగును కంటి ఎత్తుకు తెచ్చి, మొనను దీపం వైపు చూపి, వెలుగు ప్రతిబింబం వాదరకు కాస్త పక్కన పడేలా మెల్లగా తిప్పండి. ఒక కోణంలో, అంతదాకా మసకగా ఉన్న అంచు మీద ఒక తెల్లని గీత లేచి నిలబడుతుంది. అదే హామోన్. కమ్మరి అలుగు మీద మట్టిని వెన్ను వైపు మందంగా, వాదర వైపు పలుచగా పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. పలుచని చోట ఉక్కు వేగంగా చల్లారి గట్టిపడుతుంది. మందంగా పూసిన చోట మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. ఆ రెండింటి సరిహద్దే ఈ గీత.

ఆ సరిహద్దును భూతద్దంతో చూస్తే, ముగ్గుపిండి చల్లినట్టు విడివిడిగా మెరిసే రేణువులు కనిపించవచ్చు. వాటిని నియే అంటారు. రేణువులు వేరుగా కంటికి అందనంత సన్నగా, పొగమంచు తెరలా ఉంటే నియోయి అంటారు. సగామి సంప్రదాయంలో, ప్రఖ్యాత కమ్మరి మాసామునే పేరుతో వచ్చే పనిలో నియే బలంగా ఉంటుంది, బిజెన్ సంప్రదాయంలో నియోయి ఎక్కువ. యామాషిరో, యామాతో, మినో సంప్రదాయాలతో కలిపి ఈ ఐదింటి లక్షణాలను ఒక్కొక్కటిగా నేర్చుకోవడం ఏళ్ల పని. ఒక జాగ్రత్త ఏమిటంటే, మేజీ కాలం (1868–1912) నుంచి వాడుకలోకి వచ్చిన ఒక సానపట్టే శైలిలో వాదరను రాతితో తెల్లగా తీర్చిదిద్దుతారు. దూరం నుంచి కనిపించే ఆ తెలుపు సానపట్టినవాడి చేతి పని, అసలు హామోన్ దాని లోపల ఉంటుంది. యాసిడ్‌తో గీసిన నకిలీ గీతలో ఎంత తిప్పినా ఈ రేణువులు కనబడవు, గీత చదునుగా, ఒకే రంగులో ఉండిపోతుంది.

హామోన్‌కూ వెన్నుకూ మధ్య ఉన్న భాగంలో, ఉక్కును పలుమార్లు మడిచి కొట్టడం వల్ల వచ్చిన అల్లిక కనిపిస్తుంది; దాన్ని హదా అంటారు. చెక్క నరం లాగా, నీటి వలయాల లాగా, నిటారు గీతల లాగా అది పలు రకాలు. మన తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల మూసలో కరిగించి తీసిన ఉక్కు మీద వచ్చే నీటి అలల వంటి రూపం వేరు. అది లోహం గడ్డకట్టే తీరు నుంచి పుట్టినది. జపాన్ కత్తి మీద అల్లిక అంతకంటే చాలా సున్నితంగా ఉంటుంది. అడుగు దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే నల్ల తెలుపు చారలుంటే, అది నిన్నమొన్న చేసిన అలంకార వస్తువు కావచ్చునని అనుమానించండి.

క్షమించదగినవి, క్షమించరానివి

వాదర మీద చిన్న పెచ్చు ఊడటం, కాస్త తుప్పు, పైపొరలో చిన్న పగులు సానపట్టించి సరిచేయగలవి, లేదా భరించగలవి. హాగిరే అలా కాదు. అది వాదరకు అడ్డంగా వెంట్రుక మందంలో పడే పగులు; దీపం కింద వేలెడు వేలెడు చొప్పున జరుపుతూ చూస్తే తప్ప దొరకదు. దానికి మరమ్మతు లేదు. మొనలో హామోన్ కొనసాగి వెనక్కి మళ్లే భాగాన్ని బోషి అంటారు. మొన విరిగి తిరిగి అరగదీసినప్పుడు అది పోతే, కత్తి విలువలో ఎక్కువ భాగం పోయినట్టే.

మంటల్లో కాలిన కత్తిని మళ్లీ కాల్చి నీళ్లలో ముంచి పదునుపెట్టడం మరో సమస్య. వాదర మొదలయ్యే గంటు దగ్గర నుంచి ఏటవాలుగా లేచే మసక నీడ దీనికి ఒక సూచన. 1615లో ఒసాకా కోట కూలినప్పుడు కాలిన పేరుమోసిన కత్తులను అప్పటి పాలకుడు తోకుగావా ఇయేయాసు ఆజ్ఞతో యాసుత్సుగు అనే కమ్మరి తిరిగి పదునుపెట్టాడు. చరిత్ర వల్ల వాటికి గౌరవం దక్కింది. అలాంటి నేపథ్యం లేని మామూలు కత్తికి ఈ లోపం పెద్ద దెబ్బ.

చివరికి తోక, సంతకం

నకాగో అని పిలిచే తోక భాగాన్ని ఎప్పుడూ శుభ్రం చేయకూడదు. ఈ ఒక్క నియమం తెలియక ఎన్నో మంచి కత్తులు పాడయ్యాయి. దాని మీది నల్లని, నున్నటి తుప్పు శతాబ్దాల సాక్ష్యం. ఇసుక కాగితంతో రుద్దిన మరుక్షణం ఆ సాక్ష్యం చెరిగిపోతుంది, మళ్లీ తెప్పించలేరు. కొత్తగా పుట్టించిన తుప్పు నారింజ రంగులో, పొడిపొడిగా, చేతికి అంటుకునేలా ఉంటుంది.

సంతకాన్ని చూసేటప్పుడు అక్షరాల గాడిలోని తుప్పు, చుట్టూ ఉన్న తుప్పు ఒకే రంగులో ఉన్నాయా అని గమనించండి. ఉలి తగిలినప్పుడు గీతల అంచులు కొద్దిగా లేస్తాయి; పాతదైతే ఆ అంచులు అరిగి మెత్తబడి ఉంటాయి. ఆ తరువాత అదే కమ్మరి ఖాయమైన సంతకాల ముద్రలు ఉన్న పుస్తకాలతో గీత గీతను పోల్చాలి: ఉలి ఏ వైపు నుంచి మొదలైంది, ఏ కోణంలో వంగింది, అక్షరాల మధ్య ఎంత చోటు వదిలాడు. పదిహేడో శతాబ్దంలో కవచాల పని మాని కత్తులవైపు వచ్చిన కోతెత్సు పేరు దొంగ సంతకాలలో అత్యధికంగా కనిపిస్తుంది. పెద్ద పేరు, తక్కువ ధర కలిసి వచ్చినప్పుడల్లా దొంగ సంతకం అనే భావనతోనే మొదలుపెట్టి, కాదని రుజువయ్యాకే నమ్మండి.

కాగితాలు

1948లో ఏర్పడిన నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకై అనే సంస్థ నిపుణుల బృందంతో కత్తులను పరిశీలించి హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో అనే, కింది నుంచి పైకి నాలుగు స్థాయిల్లో పత్రాలు ఇస్తుంది. కొత్తవారు మొదటి కత్తిని మొదటి రెండు స్థాయిల్లో ఏదో ఒక పత్రంతో కొనడం నా గట్టి సలహా. ఆ రెండు స్థాయిలు వచ్చిన 1982కు ముందటి పాత పత్రాలను, ముఖ్యంగా పెద్ద పేర్ల విషయంలో, విపణి పూర్తిగా నమ్మదు. మళ్లీ పరిశీలనకు పంపమంటుంది. పత్రం మీద రాసిన పొడవు, రంధ్రాల సంఖ్య, సంతకం మీ చేతిలోని కత్తితో సరిపోతున్నాయో లేదో తప్పక సరిచూడండి. జపాన్ లోపల ప్రతి కత్తికీ అక్కడి ప్రాంతీయ విద్యామండలి ఇచ్చిన నమోదు పత్రం ఉండాలి. దేశం దాటించేటప్పుడు సాంస్కృతిక వ్యవహారాల శాఖ అనుమతి తీసుకోవాలి. జాతీయ సంపదలను, ముఖ్య సాంస్కృతిక ఆస్తులను బయటికి పంపనివ్వరు.

1945లో బర్మాలో, మలయాలో లొంగిపోయిన జపాన్ అధికారులు అప్పగించిన కత్తులు బ్రిటిష్ ఇండియా సైనిక దళాలకు కూడా చేరాయి. అలాంటిది మీ కుటుంబంలో ఉంటే పైకి కనిపించే సైనిక పిడిని చూసి తీసిపారేయకండి. చాలా వరకు అవి ఆ కాలంలో తొందరగా చేసినవే. తోక మీద చిన్న ముద్ర, లేదా అలుగు మీద వరుస సంఖ్య ఉంటే అది తేలిపోతుంది. అయితే కొందరు అధికారులు తాతలనాటి అలుగును కొత్త పిడిలో అమర్చుకుని యుద్ధానికి వెళ్లారు.

ఇంటికి తెచ్చాక

తుప్పు కనిపించగానే స్థానికంగా సానపట్టేవారి దగ్గరికి తీసుకెళ్లకండి. శిక్షణ పొందిన తోగిషి, అంటే జపాన్ కత్తులకు సానపట్టే నిపుణుడు, మాత్రమే ఆ పని చేయాలి. ఆ పనికి అయ్యే ఖర్చు మామూలు కత్తి ధరను మించిపోవచ్చు, నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది, పైగా సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు శాశ్వతంగా పోతుంది. మీరు చేయవలసింది మెత్తని శుభ్రమైన కాగితంతో పాత నూనె తుడిచి, లవంగ నూనె వాసన వేసిన పలుచని కత్తి నూనెను కంటికి కనిపించీ కనిపించనంతగా పూయడం. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలమంతా తరచూ తీసి చూడాలి. అలంకార ఒరలో కాకుండా, షిరాసాయా అనే సాదా చెక్క ఒరలో, వాదర పైకి ఉండేలా అడ్డంగా భద్రపరచాలి. పత్రాల నకళ్లను, అన్ని వైపుల నుంచి తీసిన ఫొటోలను, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో రాసిన కాగితాన్ని కత్తికి వేరుగా మరో చోట దాచండి.