రీమ్యాప్ చేసిన కారు పట్ పట్‌మంటుంటే ముందు ప్లగ్గులు చూడండి

కావలి దాటి ఒంగోలు వైపు హైవే ఖాళీగా కనపడగానే యాక్సిలరేటర్ తొక్కుతాం. రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి పవర్ పెంచుకున్న టర్బో కారు, అప్పటిదాకా బాగా లాగింది కాస్తా ఒక్కసారిగా పట్టేసినట్టయి, సైలెన్సర్‌లో పట్ పట్‌మని పేలిందంటే చాలామంది ఫ్యూయల్ పంపు మార్చేస్తారు. తొందరపడొద్దు.

రీమ్యాప్‌లో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే సిలిండర్లో ఒత్తిడి పెరిగి ప్లగ్గులో స్పార్క్ దూకడం కష్టమవుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ అంటుకుంటుంది. ఆ చప్పుడు అదే. ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్గులు తీసి ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకులుండే కొలత పరికరం) మధ్య మొనకూ పై కొక్కేనికీ మధ్య గ్యాప్ చూడండి. 0.8 మి.మీ. దాకా ఉంటే రీమ్యాప్ చేసిన ట్యూనర్‌ను అడిగి 0.6 దగ్గరికి తగ్గించండి. ఇరిడియం ప్లగ్గయితే మధ్య మొనను అస్సలు నొక్కొద్దు, విరుగుతుంది. పై కొక్కేన్నే మెల్లగా వంచాలి.

తర్వాత కారుకు స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చూడండి. పి0302 కోడ్ (రెండో సిలిండర్ సరిగా మండట్లేదని) వస్తే ఆ సిలిండర్ కాయిల్‌ను, అంటే ప్లగ్గుకు కరెంటు ఇచ్చేదాన్ని, మూడో సిలిండర్ కాయిల్‌తో అటూఇటూ మార్చి నడపండి. కోడ్ పి0303కి మారితే కాయిల్ పోయినట్టే. కదలకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ల కార్లకు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది, అదీ గమనించండి.

నల్లపొగ కూడా వస్తుంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చే భాగం) గొట్టాల క్లాంపులు తడమండి. నూనె చెమ్మ తగిలినచోట గాలి లీకయ్యే అవకాశం ఎక్కువ.

చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకా తొక్కితే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగిపోతుంది.