పగ్గం అందుకోగానే గుర్రం తల ఎగరేస్తోందా? ముందు పళ్లు చూపించండి

ట్రాట్‌లో (దుడుకు నడకలో) గుర్రం ముక్కుతో మెత్తగా బుర్రుమంటే టెన్షన్ పడకండి. చెవులు వదులుగా, మెడ కిందికి ఉంటే అది హాయిగా ఉన్నట్టే. తల పైకెత్తి, ఒళ్లు బిగించి, ఒక్కసారి గట్టిగా బుస కొడితే మాత్రం ఎదురుగా ఏదో చూసి బెదిరింది. ఆగి, దాన్ని చూడనివ్వండి.

చెవులు వెనక్కి అంటించి, తోక విసురుతూ, నోరు తెరిచి తల ఎగరేస్తుంటే అది నొప్పి. దాన్ని పొగరు అనుకుని కొట్టకండి. జీను దించి చూడండి: కింది గుడ్డలో మడత, పొట్ట పట్టీ ఒరుసుకున్న పుండు, డెక్కలో రాయి. రెండు నిమిషాల పని, అయినా చాలామంది చెయ్యరు. పట్టీ బిగిస్తుంటేనే మూలిగి కొరకబోతే పట్టీని, వీపు నొప్పిని, కడుపులోని పుండ్లను అనుమానించాలి.

ఇవన్నీ బాగుండి, పగ్గం అందుకున్నప్పుడే, ముఖ్యంగా ఒకవైపు తిప్పినప్పుడే తల విసిరితే అది పళ్ల పని. ఒక ఆడ గుర్రం విషయంలో నేనిది గుర్తించక రెండు వారాలు బిట్లు (నోట్లో పెట్టే కళ్లెం ముక్కలు) మార్చాను, ముక్కు పట్టీ బిగించాను. దాని బాధ పెంచాను. గుర్రం పళ్లు ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికొస్తూనే ఉంటాయి. పై దవడ కింది దానికంటే వెడల్పు కాబట్టి పై దంతాల బయటి అంచు అరగక కత్తిలా తేలుతుంది. బిట్, ముక్కు పట్టీ బుగ్గను ఆ అంచుకే నొక్కి పుండు చేస్తాయి. చివరికి ఒక రోజు దాని తొట్టి పక్కన సగం నమిలి ఉమ్మిన గడ్డి ఉండలు కనిపించాయి, పేడలో నమలని ఉలవలు ఉన్నాయి. అవి ముందు నుంచీ అక్కడే ఉన్నాయి, నేనే చూడలేదు.

బుగ్గ మీద, పై దంతాల వరుస వెంట వేళ్లతో మెల్లగా నొక్కండి. తల లాక్కుంటే పశువైద్యుణ్ణి పిలవండి. నోట్లో చెయ్యి పెట్టకండి. ఆయన మత్తిచ్చి ఆకురాయితో అంచులు నునుపు చేస్తారు. బుగ్గ పుండు మానేదాకా బిట్ వద్దు. ఏడాదికోసారి, ఐదేళ్లలోపు గుర్రానికి ఆరు నెలలకోసారి చూపించండి.

కాంటర్‌లో (ట్రాట్ కంటే వేగమైన పరుగులో) ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి చప్పుడొస్తే గొంతు సమస్య కావచ్చు, డాక్టరుకు చూపించండి. ఎండలోకి రాగానే తల విదిలించే నరాల జబ్బు అరుదు. పళ్లు చూపించాకే అటు వెళ్లండి.