సీమలో టూరు వేసేముందు: ఊరు తర్వాత, ముందు పూట

శనివారం తెల్లారకముందే కారెక్కి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరేలోపు మహానంది, యాగంటి, బెలూం, గండికోట, ఒంటిమిట్ట అన్నీ చుట్టి రావాలని లెక్క వేసుకునేవాళ్ళు చాలామంది. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి మరి. తీరా బయల్దేరాక ఒక గుడి దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం తలుపులు వేసి ఉంటాయి. గుహలోకి దిగే వేళకు పిల్లలకు ఆకలి. గండికోట లోయ అంచుకు చేరేసరికి చీకటి. చోట్లు మంచివే, వెళ్ళిన వేళ మంచిది కాదు.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఒక్కో చోటుకు ఒక్కో పూట ఉంది. లోయలకు, కోటలకు పొద్దు పొడిచే వేళ, దిగే వేళ. గుళ్ళకు పొద్దున తొమ్మిది లోపు. మిట్టమధ్యాహ్నం నీడ పట్టున ఉండాలి, అంతే. ఇక్కడి ఎండతో పంతం పెట్టుకుని గెలిచినవాళ్ళు లేరు. రోజుకు రెండు చోట్లు, నడుమ ఒక భోజనం, ఒక కునుకు. ఈ కొలతలో ఇమిడేవే ఎంచుకోండి, మిగతావి ఇంకోసారికి ఉంచండి. 2022లో జిల్లాలు విడిపోయాక బెలూం, అహోబిలం నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి గానీ, తిరిగేవాడికి ఇదంతా పాత ఉమ్మడి జిల్లాల లెక్కే.

ముందు మీ గుంపు సంగతి

ఎవరి మోకాళ్ళు అందరికంటే బలహీనమో చూడండి. ప్లాన్ వాళ్ళను బట్టే వేయాలి. అమ్మమ్మను కొండ కింద టీకొట్టు దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టి మీరు పైకెక్కితే, అది ఆమెకు టూరు కాదు, కాపలా. రెండోది, మీ ఇంట్లో సెలవు రోజు ఎన్నింటికి లేస్తారు? ఎనిమిదికి లేచేవాళ్ళు సూర్యోదయం ప్లాన్ వేసుకుంటే రెండు రోజులూ కసురుకోవడంతోనే సరిపోతుంది. వాళ్ళకు సాయంత్రం బాగుండే చోట్లు చాలు. మూడోది బాత్రూమ్. గుడారంలో పడుకుని, బకెట్ నీళ్ళతో సర్దుకోగలరా, లేక శుభ్రమైన గది కావాలా? బయల్దేరేముందే నిజం ఒప్పుకోండి. గండికోటలో రాత్రి పదకొండుకు తేలే గొడవలు చాలావరకు దీని మీదే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అందరికీ బాగుంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నల్లమల పచ్చగా ఉంటుంది, దారి పొడవునా సీతాఫలాలు. మార్చి దాటితే 40 డిగ్రీలు మామూలు.

గండికోట: రాత్రి ఉంటేనే వెళ్ళండి

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోట, లోయ అంచున కోట. మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి నాలుగు ఫోటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళకు "ఇంతేనా" అనిపించడంలో వింతేమీ లేదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బండలన్నీ తెల్లగా, చదునుగా, లోతే లేనట్టు కనిపిస్తాయి. అదే ఎండ ఏటవాలుగా పడితే ప్రతి పగులుకూ నీడ వచ్చి లోయ లోయలాగా తేలుతుంది.

సాయంత్రం మూడున్నరకల్లా కోటలో ఉండండి. ముందు జామా మసీదు, ధాన్యాగారం చూడండి, రెండూ దగ్గర దగ్గరే. ధాన్యాగారం లోపలి చల్లదనంలో పది నిమిషాలు కూర్చుంటే గోడల మందం ఎందుకో తెలిసిపోతుంది. తర్వాత మాధవరాయ స్వామి గుడి గోపురం, రంగనాథ స్వామి గుడి. పొద్దు వాలుతుండగా లోయ అంచుకు చేరండి.

మర్నాడు మళ్ళీ అక్కడికే, చీకటి ఉండగానే. జనవరిలో పొద్దు ఆరున్నర దాటాక గానీ పొడవదు, మేలో ఆరు కాకముందే వచ్చేస్తుంది. అందుకు అరగంట ముందుండాలి. చేతిలో టార్చి ఉండాలి, ఫోను లైటు చాలదు. ఇంకో చెయ్యి బండ పట్టుకోవడానికి ఖాళీగా ఉంచుకోండి. మొదట ఎదుటి గోడ బూడిద రంగులో ఉంటుంది. ఎండ తగలగానే పైఅంచు ఇటుక రంగుకు తిరుగుతుంది, ఆ గీత మెల్లగా కిందికి దిగుతుంది. ఇదంతా ఇరవై ముప్పై నిమిషాల పని. ఎనిమిదికి వచ్చినవాళ్ళకు ఇది దొరకదు.

అంచు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. లోయ లోతు దాదాపు 300 అడుగులు. అంచు పొడవునా కంచె లేదు. రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, కొన్ని కదులుతాయి, జనం తొక్కి తొక్కి నున్నబడినవి మంచు పడితే జారుతాయి. హవాయి చెప్పులు వద్దు. అంచుకు రెండు బారల ఇవతల ఆగండి, ఫోటో కావాలంటే కూర్చుని దిగండి. వెనక్కి అడుగులు వేస్తూ సెల్ఫీ తీసుకోవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

టూరిజం వాళ్ళ హరిత హోటల్ గదులు శని, ఆదివారాల్లో ముందే నిండుతాయి. దొరక్కపోతే జమ్మలమడుగులో పడుకుని తెల్లవారుజామున రావచ్చు, అరగంట దారి. గుడారాల వాళ్ళతో మాట్లాడేటప్పుడు బాత్రూమ్ ఎంత దూరం, రాత్రి భోజనం ఎన్నింటికి అని రెండూ అడగండి. ఊళ్ళో భోజనం ముందే చెప్పి పెట్టుకోవాలి. రాత్రి తొమ్మిదికి వెళ్ళి సంగటి, నాటుకోడి పులుసు అడిగితే బిస్కెట్ ప్యాకెట్టే గతి.

గుహ అంటే చల్లగా ఉంటుందనుకోకండి

బెలూం గురించి అందరూ పొరపడేది ఇక్కడే. చుట్టూ ఎండ మండుతోంది కదా, మధ్యాహ్నం గుహలో దూరదాం అనుకుంటారు. లోపల నీడే గానీ గాలి ఆడదు, ఉక్కపోత. పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర దాకా దారి, దీపాలు వేసి జనాన్ని పంపిస్తారు. తాపీగా తిరిగితే గంట నుంచి గంటన్నర. అడుగున పాతాళగంగ నేలమట్టానికి 46 మీటర్ల లోతు. దిగడం సులువే, ఎక్కేటప్పుడే ఆయాసం తెలుస్తుంది. గేటు తెరిచే వేళకు వెళ్ళండి. పది, పదకొండు దాటితే స్కూలు బస్సులు దిగుతాయి, ఇరుకు చోట్ల ముందు వెనక కదలలేరు.

లోపలికి బ్యాగులు వద్దు. ఒక నీళ్ళ సీసా, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు, నూలు బట్టలు చాలు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, ఇరుకంటే భయపడేవాళ్ళు మొదటి పెద్ద గది దాకా వెళ్ళి వెనక్కి రావడం మేలు. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్ళను తడితే స్వరాలు పలుకుతాయంటారు, కొట్టి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. అవి నీటిబొట్టు వెంట బొట్టు పడి వేల ఏళ్ళలో గట్టిపడ్డ సున్నపురాయి, చెయ్యి తీసేయండి. బయటికి రాగానే ఫ్యాను కింద కూర్చుని మజ్జిగ తాగి, పావుగంట ఆగి కారెక్కండి.

నడిచేవాళ్ళకు, నడవలేనివాళ్ళకు

కాళ్ళలో సత్తువ ఉండి అడవి ఇష్టపడేవాళ్ళకు అహోబిలాన్ని మించింది లేదు. తొమ్మిది నరసింహ స్వాములను ఒక్క రోజులో చూసేస్తామని వెళ్తే మాత్రం దెబ్బతింటారు. రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు సాయంత్రం దిగువ అహోబిలం, కారు వెళ్ళే దారిలోని యోగానంద, ఛత్రవట. రెండో రోజు తెల్లవారగానే ఎగువ అహోబిలం నుంచి నడక మొదలుపెట్టి వరాహ, మాలోల, జ్వాలా నరసింహ. రానూపోనూ సగం రోజు పడుతుంది. నరసింహుడు వెలువడిన చోటని చెప్పే కొండకొమ్ము ఉగ్రస్తంభం వేరే సంగతి. చేతులతో పాకే చోట్లున్నాయి, దారి తెలిసిన మనిషి లేకుండా వద్దు. వాన పడితే భవనాశి వాగు బండలు నూనె పూసినట్టుంటాయి, ఆరోజుకు కిందే ఉండిపోండి. చేతిలో కర్ర ఒకటి ఉంచుకుంటే మోకాళ్ళకూ, కోతులకూ పనికొస్తుంది. చేతికి వేలాడే ప్లాస్టిక్ కవరు కనిపిస్తే కోతి వదలదు.

పెద్దవాళ్ళతో అయితే మహానంది. నంద్యాలకు 15 కిలోమీటర్లు, ఏడాది పొడవునా పారే తేటనీళ్ళ కోనేరు, మెట్లెక్కే పని పెద్దగా లేదు. కడపకు 25 కిలోమీటర్లలో ఒంటిమిట్ట కూడా అంతే సుఖం. కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను మధ్యాహ్నానికి కట్టించినట్టుంటుంది. ఐదెకరాల నీడ, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. చాప, అన్నం క్యారియర్ తీసుకెళ్ళండి, కోతులున్నాయన్నది మాత్రం మరవకండి.

శిల్పం చూసి తీరిగ్గా ముచ్చటపడేవాళ్ళకు లేపాక్షి. హిందూపురానికి 15 కిలోమీటర్లు. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఇక్కడి గుడి కట్టించారు. అందరూ వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి, ఫోటో దిగి వెళ్ళిపోతారు. అసలు చూడాల్సింది తల పైకెత్తితే పైకప్పు మీద కనిపించే రంగుల బొమ్మలు. ఎండలోంచి లోపలికి రాగానే కళ్ళకు ఏమీ ఆనదు, రెండు నిమిషాలు అక్కడే నిలబడండి. మెల్లగా రంగులు తేలతాయి, ఆ తర్వాత చీరల అంచులు, కొప్పులు, నగలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. మెడ నొప్పి పుడితే స్తంభానికి ఆనుకుని కూర్చోండి. ఒకే రాతిలో చెక్కిన 27 అడుగుల పొడవు నంది గుడికి కాస్త దూరంలో ఊరి మొదట్లోనే ఉంది, దాన్ని ముందే చూసేస్తే ఎండలో మళ్ళీ నడవక్కర్లేదు. ఆదివారం బెంగళూరు కార్లు వరుస కడతాయి, తొమ్మిది లోపు రండి. చెప్పులు విడిచాక గుడి ఆవరణలో బండలు కాలతాయి, జేబులో మందపాటి సాక్సుల జత ఉంటే ఎంత సుఖమో!

పిట్టలంటే ఇష్టముంటే చలికాలం పొద్దున రోళ్ళపాడు అభయారణ్యం, కృష్ణజింకలు కూడా కనిపిస్తాయి. బట్టమేక పిట్ట కోసం ఆశ పెట్టుకుని వెళ్ళొద్దు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద కొంగలను జనం సైబీరియా కొంగలంటారు గానీ, అవి మన దేశపు ఎర్రకాళ్ళ కొంగలే.

ఎండాకాలంలో తప్ప సెలవు దొరకనివాళ్ళకు సంగమేశ్వరం ఉంది. అది ఎండాకాలంలోనే కనిపించే గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగి ఉంటుంది, పూర్తి మట్టం 885 అడుగుల నుంచి నీళ్ళు బాగా దిగితేనే బయటపడుతుంది. అక్కడ వేపకొయ్య శివలింగం. శ్రీశైలం మట్టం రోజూ పేపర్లో వేస్తారు, చూసుకుని, నందికొట్కూరు వైపు తెలిసినవాళ్ళను ఒకమాట అడిగి, తెల్లవారకముందే బయల్దేరండి. నీళ్ళు తీసిన నేల మీద చెట్టంటూ ఉండదు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళాల్సిందే.

కర్నూలు నుంచి ఒక శని, ఆదివారం

ఐదున్నరకు బయల్దేరితే ఏడున్నర, ఎనిమిదికి యాగంటి. దర్శనం చేసుకుని, బనగానపల్లెలో ఉగ్గాని, బజ్జీ తినండి. తొమ్మిది దాటితే ఉగ్గాని అయిపోవచ్చు, మిగిలినా బొరుగులు ముద్దయిపోతాయి. పదికి బెలూం, పన్నెండుకు బయటికి. జమ్మలమడుగులో భోజనం, గదిలో కాసేపు పడక. మూడున్నరకు గండికోట. ఆదివారం తెల్లవారుజామున మళ్ళీ లోయ, తొమ్మిదికి తిరుగు ప్రయాణం, వచ్చేదారిలో తాడిపత్రిలో చింతల వెంకటరమణ స్వామి గుడి. మొదటి రోజు మూడు చోట్లయ్యాయి కదా అంటారేమో, యాగంటి దారిలోదే కాబట్టి ఇమిడింది. పిల్లలుంటే దాన్ని తీసేయండి.

కారు లేనివాళ్ళు ఇలా గొలుసు కట్టకండి. నంద్యాలలో గది తీసుకుని ఒకరోజు మహానంది, ఒకరోజు ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం చాలు. లేదా రైల్లో తాడిపత్రిలో దిగి బెలూం, ఊళ్ళోని రెండు గుళ్ళు. ఎక్కడ బస్సు దిగినా, దిగేటప్పుడే కండక్టరును తిరిగి వెళ్ళే ఆఖరి బస్సు ఎన్నింటికని అడగండి.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం తిరగేయండి. శివరాత్రి, ఉగాది, కార్తీక సోమవారాలు, ఆ ఊరి బ్రహ్మోత్సవాలు ఉంటే గదులు దొరకవు. సందడే కావాలంటే ఆ రోజులే మంచివి, ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రి పూట చేస్తారు, అది చూడాల్సిందే. చేతిలో కొంత నగదు ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోనుతో డబ్బు కట్టడం కుదరదు. కడప వైపు కారం దోశ పిల్లలకు చెప్పేటప్పుడు కారం పూయకముందే వద్దనండి. కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల రోడ్ల మీద సిమెంటు లారీలు, నాపరాయి లారీలు రాత్రంతా తిరుగుతాయి, వెనక లైటు వెలగనివి కూడా ఉంటాయి, అందుకే ఆదివారం చీకటి పడకముందే ఆ రోడ్లు దాటేయండి.