కరెంటు లేని చోట గిటార్ పెడల్స్: బ్యాటరీ తగిలించే ముందు చూసుకోవాల్సినవి

ఈమధ్య ఒక ఆరుబయట కచేరీలో గిటారిస్టు పెడల్ బోర్డు, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు (పెడల్స్) బిగించుకునే పలక, మొత్తం ఒక్క ప్లగ్గుతో పోయింది. కరెంటు ఉండదని ముందే తెలిసి, ఇంటర్నెట్ రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ తెచ్చుకున్నాడు. దాని మీద 9 వోల్టులని ఉంది. ప్లగ్గు కూడా చక్కగా దూరింది. స్విచ్ వేయగానే డిలే (ప్రతిధ్వని ఇచ్చే) పెడల్లోంచి కాలిన వాసన.

వోల్టులు సరిపోయాయి, తేడా అంతా ప్లస్ మైనస్‌ల దగ్గరే. రౌటర్ ప్లగ్గుకు సాధారణంగా మధ్యలో ప్లస్ ఉంటుంది. గిటార్ పెడల్స్‌లో ఎక్కువ వాటికి మధ్యలో మైనస్, బయటి గొట్టానికి ప్లస్. సైజు మాత్రం చాలాసార్లు ఒకటే. పెడల్స్ కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసింది, నేను చూసినంతవరకు, ఈ ఒక్క తప్పే. మీటర్ పెట్టి చూడకుండా ఏ ప్లగ్గూ పెడల్‌కు పెట్టొద్దు.

"లోపల డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఉందిగా, అదే కాపాడుతుంది" అంటారు. చాలా పెడల్స్‌లో ఆ డయోడ్ చేసే పనల్లా, సప్లై తిరగబడితే దాన్ని షార్ట్ చేయడం. గోడకు పెట్టే చిన్న అడాప్టర్ అయితే ఆ షార్ట్‌కు తట్టుకోలేక చతికిలబడుతుంది, పెడల్ బతికిపోతుంది. లిథియం ప్యాక్ అలా లొంగదు. డయోడ్ మాడేదాకా కరెంటు పోస్తూనే ఉంటుంది. డయోడ్ తెగిపోతే తర్వాత వంతు లోపలి చిప్‌లది (ఐసీలది).

చూడటం అర నిమిషం పని. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ మొన ప్లగ్గు రంధ్రంలోకి, ఎర్రది బయటి గొట్టానికి ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలకూడదు. ముందు మైనస్ గుర్తు లేకుండా 9 చుట్టుపక్కల అంకె వస్తే మధ్యలో మైనస్ ఉన్నట్టు. పెడల్ జాక్ పక్కనున్న బొమ్మ కూడా అదే చెప్పాలి. తీగల రంగుల్ని నమ్మొద్దు. మామూలు 9 వోల్టుల క్లిప్పును తీసుకెళ్లి పెడల్ లోపలి బ్యాటరీ క్లిప్పుకే తగిలిస్తే, ఎర్ర తీగ మైనస్ అయి కూర్చుంటుంది!

ఇక వోల్టులు. ఎనిమిది డబుల్ ఏ సెల్స్ పట్టే హోల్డర్‌లో రీఛార్జబుల్‌వి వేస్తే 9.6 వోల్టులు. అదే హోల్డర్‌లో కొత్త ఆల్కలైన్ సెల్స్ వేస్తే 12 దాటుతుంది. మూడు లిథియం సెల్స్ వరుసగా కలిపితే ఫుల్ ఛార్జ్‌లో 12.6. బండి బ్యాటరీ ఇంజిన్ నడుస్తుండగా 14 దాకా పోతుంది. తొమ్మిదికే పనిచేసే పెడల్‌కు ఇవేవీ నేరుగా వద్దు.

పాత తరహా జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్‌లలో (శబ్దాన్ని గరగరలాడించే పెడల్స్) కొన్నింటికి గ్రౌండ్, అంటే కేబుళ్ల బయటి తొడుగుకు కలిసే వైపు, ప్లస్‌కు ఉంటుంది. వాటికి విడిగా సొంత బ్యాటరీ పెట్టండి. మిగతావాటితో ఒకే ప్యాక్ మీద కలిపితే, పెడల్స్‌ను ఒకదానికొకటి కలిపే ప్యాచ్ కేబుల్ గుండానే ప్యాక్ షార్ట్ అవుతుంది.

మిగతావి:

ప్లస్ తీగ మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ పోతే దాని బదులు తీగ ముక్క చుట్టొద్దు.

విడి 9 వోల్టుల బ్యాటరీని గిటార్ బ్యాగు జేబులో పడేయొద్దు. అందులో కత్తిరించిన తీగ ముక్కలుంటాయి, రెండు బొడిపెల మీదా ఒకటి పడితే చాలు, షార్ట్ అవుతుంది.

ఉబ్బిన ప్యాక్ వాడొద్దు. గుచ్చొద్దు.

డిలే, రివర్బ్ లాంటి డిజిటల్ పెడల్ 100 మిల్లీ ఆంప్స్ లాగితే 9 వోల్టుల బ్యాటరీ కొన్ని గంటలే. 10 మిల్లీ ఆంప్స్ లోపు లాగే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కే ఆ బ్యాటరీ ఉంచుకోండి.

వాయించడం ఆపాక పెడల్ ఇన్‌పుట్ కేబుల్ (గిటార్ వైపు నుంచి వచ్చేది) పీకేయండి. లైటు ఆరినంత మాత్రాన బ్యాటరీ ఆగినట్టు కాదు.

పవర్ బ్యాంక్ అయితే ముందురోజే గంటసేపు నడిపి చూడండి. తక్కువ కరెంటు లాగితే కొన్ని వాటంతటవే ఆగిపోతాయి.

పక్క బ్యాండ్ వాళ్ల ప్యాక్ అరువు తెచ్చారా? మళ్లీ మీటర్. మీదే, పోయినసారి వాడిందేనా? ప్లగ్గు మార్చి ఉంటే మళ్లీ మీటర్.

చీకట్లో తడుముకుంటూ ప్లగ్గులు మార్చొద్దు. టార్చ్ ఎవరికైనా ఇచ్చి పట్టుకోమనండి.