ట్యాబ్ కొనేముందు షాపులోనే చూసుకోండి
పిల్లల క్లాసులకి 15 వేల ట్యాబ్ చాలా, 40 వేలది కావాలా అన్నది ఎంతకీ తేలదు. స్కాన్ చేసిన టెక్స్ట్‌బుక్ పీడీఎఫ్ ఒకటి ట్యాబ్‌కి నేరుగా గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, డెమో పీస్‌లో సగం స్క్రీన్ మీద అది, మిగతా సగంలో యూట్యూబ్ క్లాసు పెట్టి, ఐదు నిమిషాలు పేజీలు గబగబా తిప్పండి, జూమ్ చేయండి. పేజీ తెల్లగా ఉండిపోకుండా అక్షరాలు వెంటనే వస్తూ, వీడియో ఆగకపోతే తక్కువ ధరదే హాయిగా తీసుకోవచ్చు. సినిమాలు కూడా చూస్తామంటే డీఆర్ఎమ్ ఇన్ఫో అనే యాప్‌లో వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా ఆపే రక్షణ) స్థాయి ఎల్1 ఉందో లేదో చూడండి, ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు. చేత్తో నోట్సు రాసేవాళ్లకి మాత్రం ఈ పరీక్ష చాలదు, అరచెయ్యి స్క్రీన్‌కి ఆనించి ట్యాబ్ పెన్నుతో నాలుగు లైన్లు రాసి చూడాల్సిందే.